సిస్టినోసిస్ కుటుంబాల సంఘం వార్షిక నివేదిక: చదువు, ప్రవర్తన

సభ్యులకు నమస్కారం.

సిస్టినోసిస్ అంటే సిస్టిన్ అనే అమైనో ఆమ్లం కణాల్లో పేరుకుని కిడ్నీలనూ, కళ్లనూ, ఇతర అవయవాలనూ దెబ్బతీసే అరుదైన వంశపారంపర్య జబ్బు. ఈ ఏడాది సంఘం పని ఎక్కువగా బడి చుట్టూనే సాగింది. రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్, క్రియాటినిన్ చూడటానికి డాక్టర్లున్నారు. పిల్లల లెక్కల నోటుపుస్తకాన్ని జబ్బుతో కలిపి చూసేవాళ్లే తక్కువ.

సిస్టినోసిస్ పిల్లల్లో చాలామంది తెలివితేటలు మామూలు స్థాయిలోనే ఉంటాయి. మాటలు, చదవడం బాగానే వస్తాయి. ఇబ్బందల్లా ఏది ఎక్కడుంది, ఎటు తిరిగి ఉంది అని పోల్చుకోవడంలోనే. బొమ్మ చూపిస్తే ఏమిటో చెప్పేస్తారు, చూసి వేయమంటే మాత్రం భాగాలు చెదిరిపోతాయి. కూడికలో పదుల అంకె ఒకట్ల కిందికి జారుతుంది. పద్ధతి సరిగ్గా తెలిసినా జవాబు తప్పుతుంది. అక్షరదోషాలూ ఎక్కువే. దానికి బడి పెట్టే పేరు అజాగ్రత్త. మా దృష్టిలో ఈ ముద్ర చేసే నష్టం తప్పు జవాబు చేసేదానికన్నా ఎక్కువ.

అందుకే టీచర్లకివ్వడానికి ఒక పేజీ పత్రం తయారుచేశాం. లెక్కలు గళ్ల కాగితం మీద, గడికో అంకె చొప్పున వేయించాలి. బోర్డు చూసి రాయమనకుండా అచ్చు కాగితం ఇవ్వాలి. పటాలు, జ్యామితి మాటల్లో అంచెలంచెలుగా చెప్పాలి, ఎందుకంటే మాట వీళ్లకున్న బలం. కంటి ముందుపొర కార్నియాలో చేరే సిస్టిన్ స్ఫటికాల వల్ల వెలుతురు భరించలేరు కాబట్టి కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టకూడదు. నీళ్లకూ బాత్రూముకూ అడగకుండా వెళ్లనివ్వాలి. ఎత్తు తక్కువని చిన్నపిల్లల్లా చూడటమూ మానాలి.

సైకాలజిస్టు పరీక్షపై జరిపిన సమావేశంలో తేలిన ముఖ్య విషయం: ఐక్యూ ఒక్క అంకెగా ఇస్తే ఒప్పుకోవద్దు. మాటల విభాగంలో ఎక్కువ, దృశ్య విభాగంలో తక్కువ వస్తే సగటు రెంటినీ దాచేస్తుంది. విభాగాలవారీ స్కోర్లు అడగండి. పరీక్ష మధ్యలో కంటి చుక్కలకు, నీళ్లకు విరామం ఉండాలి.

పిల్లవాడు ఉన్నట్టుండి మందకొడిగా, చిరాగ్గా మారితే స్వభావమని వదిలేయకండి. ముందు రక్తంలో పొటాషియం, బైకార్బనేట్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చూపించండి. ఈ జబ్బులో థైరాయిడ్ దెబ్బతినడం మామూలే. కొత్తగా తలనొప్పి, పొద్దున్నే వాంతులు, ఒకటి రెండుగా కనిపించడం ఉంటే మందు పడలేదనుకుని ఊరుకోవద్దు. పుర్రెలో ఒత్తిడి పెరగడం వీళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. కంటి నరం వాచిందేమో అదే వారంలో డాక్టరుతో చూపించాలి.

టీనేజీ పిల్లల గురించి ఎక్కువ ప్రశ్నలొచ్చాయి. సిస్టిన్‌ను తగ్గించే మందు సిస్టియమిన్‌ను ఆరు గంటలకోసారి వేసుకోవాలి కాబట్టి రాత్రి నిద్ర చెడుతుంది, దానివల్ల వచ్చే నోటి వాసనకు తోటిపిల్లలు దూరం జరుగుతారు. అక్కడే డోసు మానేయడం మొదలవుతుంది. మానిన రోజు ఏ నొప్పీ ఉండదు, సిస్టిన్ మాత్రం కణాల్లో పేరుకుంటూనే ఉంటుంది. పన్నెండు గంటల రకం గురించి డాక్టరుతో మాట్లాడండి. ఆ గుళికల్లోని రేణువులను నూరకూడదు. మందు ఎంత పనిచేస్తోందో చెప్పే తెల్లరక్తకణాల సిస్టిన్ పరీక్షకు రక్తం ఎప్పుడిచ్చారన్నది చాలా ముఖ్యం. ఆరు గంటల మందైతే డోసు వేశాక 5–6 గంటలకు ఇవ్వాలి. ముందే ఇస్తే అంకె అందంగా వస్తుంది, మోసం చేస్తుంది. లక్ష్యం మిల్లీగ్రాము ప్రొటీన్‌కు 1 నానోమోల్ హాఫ్ సిస్టిన్ (ఈ పరీక్షలో సిస్టిన్‌ను లెక్కించే కొలత) లోపు.

కిడ్నీ మార్పిడి అయిన కుటుంబాలకు ఒక మాట. కొత్త కిడ్నీకి ఈ జబ్బు రాదు. మెదడు, కండరాలు, కళ్లు మాత్రం పాతవే. సిస్టియమిన్ జీవితాంతం కొనసాగాలి. రెండేళ్లలోపు మందు మొదలైన పిల్లల్లో దృశ్య నైపుణ్యాలు మెరుగ్గా ఉన్నట్టు పరిశోధనల్లో కనిపించింది. కాబట్టి ఇంట్లో ఒకరికి జబ్బు తేలితే, తర్వాత పుట్టిన బిడ్డకు లక్షణాల కోసం ఎదురుచూడకుండా పరీక్ష చేయించండి.

జమాఖర్చులు విడిగా జతచేశాం. వచ్చే ఏడాది టీచర్ల పత్రాన్ని కాలేజీ పరీక్షలకు తగ్గట్టు, ముఖ్యంగా అదనపు సమయం కోరే దరఖాస్తుతో కలిపి, తిరగరాస్తాం. నమూనాగా వాడుకోవడానికి మీ దగ్గరున్న పాత దరఖాస్తుల నకళ్లు పేర్లు కొట్టేసి కార్యదర్శికి అందజేయండి.