కోయకపోతే నిర్లక్ష్యమేనా?

సంపాదకులు గారికి,

మూడు రోజులైనా ఆపరేషన్ చేయకుండా ఒక పెద్దాయనను గాలికొదిలేశారని పోయిన వారం మీ జిల్లా ఎడిషన్‌లో బ్యానర్ కొట్టారు. పోనీలే అనుకున్నాను. నిన్న కిరాణం దుకాణంలో కూడా అదే ముచ్చట వినపడేసరికి ఇక ఆగలేక రాస్తున్నాను.

ఎప్పుడో కడుపు ఆపరేషన్ అయిన మనిషి, పొట్ట ఉబ్బి పచ్చటి వాంతులు, చిన్నపేగు మూసుకుపోయిందని స్కానింగ్. ఇవన్నీ మీ విలేకరే రాశాడు. రాసి, ముక్కులో గొట్టం వేసి సెలైన్ పెట్టి వదిలేశారన్నాడు. అయ్యా, ఆ గొట్టం, ఆ సెలైనే వైద్యం! పాత కోత వల్ల లోపల అతుకులు పడి పేగు బిగిస్తే, నోటికి ఏమీ ఇవ్వకుండా, పొట్టలో నిలిచిందంతా గొట్టంతో బయటికి తీస్తూ, ఒంట్లో నీరు, పొటాషియం తగ్గకుండా చూస్తే ఎక్కువ మందికి కత్తి పెట్టకుండానే విడుతుంది. గొట్టంలోంచి గ్యాస్ట్రోగ్రాఫిన్ అనే, ఎక్స్‌రేలో కనపడే మందు పోసి ఎక్స్‌రే తీస్తారు. 24 గంటల్లో అది పెద్దపేగులోకి దిగిందంటే గండం చాలావరకు గడిచినట్టే. ప్రమాద సూచనలేమీ లేకుంటే 72 గంటల దాకా చూడవచ్చని సర్జన్ల అంతర్జాతీయ మార్గదర్శకాలున్నాయి. తొందరపడి కోస్తే మళ్లీ కొత్త అతుకులు. ఒక్క సర్జన్‌ను అడిగినా ఇదంతా చెప్పేవాడు. ఈ మధ్య విలేకరులకు ఫోన్ చేసి అడిగే అలవాటు కూడా పోయినట్టుంది.

అట్లాగని డాక్టర్లకు వకాల్తా పుచ్చుకోవడం లేదు. ఆగడమంటే మంచం మీద పండబెట్టి మర్చిపోవడం కాదు. పూటపూటకూ పొట్ట నొక్కి చూడాలి. నాడి, జ్వరం చూడాలి, మూత్రం ఎంత, గొట్టంలో ఎంత వచ్చిందో రాయాలి. నొప్పి విడవకుండా పట్టుకుని, పొట్ట గట్టిపడి, నాడి పరుగెత్తితే పేగుకు రక్తం అందడం లేదేమోనని వెంటనే థియేటర్‌కు తీసుకుపోవాలి. సర్జికల్ వార్డులో నర్సుగా చేసి రిటైరైన దాన్ని. రాత్రి డ్యూటీలో వార్డంతటికీ ఒక్క నర్సుంటే ఎవరి మూత్రం ఎవరు కొలవాలి? అటు తిరిగేసరికి ఇటు చుట్టాలు జాలిపడి రోగికి చాయ్ పట్టిస్తుంటారు. 2021 జూన్‌లో వరంగల్ సెంట్రల్ జైలు జాగాలో 24 అంతస్తుల దవాఖానకు పునాదిరాయి పడ్డప్పటి నుంచి అంతస్తులు లెక్కపెట్టని నాయకుడు లేడు. ఒక నర్సుకు ఎందరు రోగులో లెక్కపెట్టినవాణ్ని మాత్రం నేను చూడలేదు.

ఇంకొకటి. రౌండ్స్‌కు వచ్చిన డాక్టర్ ‘అబ్జర్వేషన్’ అని ఒక్క మాట పడేసి పోతే వరండాలో చాప మీద కూర్చున్న కొడుక్కి ఏం తెలుస్తుంది? అప్పు చేసి ప్రైవేటుకు ఎత్తుకుపోతాడు, లేకపోతే మీ విలేకరికి ఫోన్ చేస్తాడు. ఎందుకు ఆగుతున్నామో, ఏం జరిగితే కోస్తామో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఇంటివాళ్లకు తెలుగులో చెప్పాలని సూపరింటెండెంట్లు ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. పైసా ఖర్చు లేదు. టెండరూ లేదు, శిలాఫలకమూ లేదు కనుక ఎవరికైనా పడుతుందన్న నమ్మకం నాకు పెద్దగా లేదు.

- ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, హనుమకొండ