బాబాయిగారూ, పింఛన్ పడింది

నిన్న పొద్దున పాత బకాయితో కలిపి మా ఆయన ఖాతాలో పీఎఫ్ పింఛన్ పడింది. ఇకనుంచి నెలకు 1,400 రూపాయలు. ఈ మాట అందరికంటే ముందు పై వాటాలో ఉండే బాబాయిగారికి చెప్పాను. ఇప్పుడు అందరి ముందూ ఆయనకు దండం పెట్టుకోవాలని రాస్తున్నాను.

మా ఆయన బాలానగర్‌లో లేత్ మిషన్ మీద ఏడేళ్లు పనిచేశారు. షుగరు కళ్ళ మీదకి వచ్చింది. రెండు కళ్ళకూ లేజర్ చేయించాం. మనిషి వస్తే నీడలా తెలుస్తుంది గానీ సన్నటి కొలతలు చూసే మైక్రోమీటర్ మీద గీతలు కనిపించవు. అవి కనిపించకపోతే లేత్ పని లేదు.

కంపెనీలో ఒకటే మాట: "పదేళ్లు నిండలేదు కాబట్టి పింఛన్ రాదు. రాజీనామా రాసి, ఫారం 10-సి పెట్టి ఉన్న డబ్బు తీసేసుకోండి." కాగితం మీద సంతకం పెట్టడం ఒక్కటే మిగిలింది. ఆ సాయంత్రం మెట్ల దగ్గర నా ముఖం చూసి బాబాయిగారు ఏమైందమ్మా అని అడిగారు. అడగకపోయుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఆయన చెప్పింది ఇది. 1995 పింఛన్ పథకంలో పదేళ్ల లెక్క మామూలు పింఛన్‌కే. ఉద్యోగంలో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా పనికి దూరమైతే ఒక్క నెల చందా జమయినా చాలు. అదీ ఏ పనీ చేయలేడని కాదు, అంతవరకూ చేస్తున్న పనికి పనికిరాకుండా పోయారా లేదా అని మెడికల్ బోర్డు చూస్తుంది. "రాజీనామా రాయొద్దు. మానేసిన కారణం శాశ్వత వైకల్యం అని రికార్డులో ఎక్కించండి. పీఎఫ్ డబ్బుకు ఫారం 19, పింఛన్‌కు 10-డి పెట్టండి, 10-సి జోలికి పోవద్దు" అని మూడుసార్లు చెప్పారు. 10-సి పెడితే పింఛన్ భాగం కూడా చేతికిచ్చేసి ఖాతా తెంపేస్తారట. లెక్క కూడా ఆయనే వేశారు: సగటు జీతం 14,000ను ఏడేళ్ల సర్వీసుతో గుణించి 70తో భాగించాలి. ఇప్పుడొచ్చింది సరిగ్గా అంతే.

పీఎఫ్ ఆఫీసుకు నాలుగుసార్లు ఆయన మాతో బస్సులో వచ్చారు, డెబ్బై దాటిన మనిషి. బోర్డులో డాక్టరమ్మకూ నమస్కారం. మైక్రోమీటర్‌తో ఏం చేస్తారు, ఎంత సన్నటి గీతలుంటాయి అని ఓపిగ్గా అడిగి తెలుసుకున్నారు. మా ఆయన తన పని గురించి అంత మాట్లాడటం చాలా రోజుల తర్వాత విన్నాను.

1,400తో ఇల్లు గడవదు. నేను టైలరింగ్ చేస్తూనే ఉంటాను. కానీ ఆయన మందుల డబ్బు ఇక ఆయనదే. ఆయన చాకిరీకి నెల నెలా జమయిన చందా నుంచి వచ్చేది, ఎవరినీ అడిగి తెచ్చుకున్నది కాదు. నిన్న మెసేజ్ రెండుసార్లు చదివించుకున్నారు.

బాబాయిగారు పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. ఆదివారం పైకి వస్తాం బాబాయిగారూ. మెట్లు తనే లెక్కపెట్టుకుంటూ ఎక్కుతానంటున్నారు మీ అబ్బాయి.