కథకి కీబోర్డు ఎందుకండీ?

సంపాదకులు గారికి నమస్కారం.

జానపద కథలను రికార్డు చేసి భద్రపరచాలని తరచూ వింటున్నాం, చదువుతున్నాం. మంచిదే. ఎలా రికార్డు చేయాలన్నది మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. మా జనగామలో పుట్టి పెరిగిన నాకు ఆ సంగతి టెక్సస్‌లో తట్టింది. నవ్వుకోకండి.

పోయిన వేసవిలో డాలస్‌లో అమ్మాయి వాళ్లింట్లో రెండు నెలలు ఉన్నాను. అల్లుడికి కారెక్కితే కంట్రీ పాటలు, అంటే అమెరికా పల్లె బాణీల పాటలు, ఉండాల్సిందే. నాకు ఇంగ్లిష్ పాటలే అంతంతమాత్రం, అందులోనూ ఆ ముక్కుతో పాడే గొంతు. ఒకరోజు అతనే అన్నాడు, 'మామయ్యా, ఇవి విడివిడి పాటలు కావు, అంతా కలిపి ఒకటే కథ' అని. విల్లీ నెల్సన్ అనే కంట్రీ గాయకుడు 1975లో తెచ్చిన 'రెడ్ హెడెడ్ స్ట్రేంజర్' ఆల్బమ్ అది. రికార్డు చేసింది డాలస్ పక్కనే ఉన్న గార్లండ్‌లోనట.

ఒక పాస్టరు. భార్య అతన్ని వదిలి పాత ప్రియుడి దగ్గరికి వెళ్లిపోతుంది. వెతుక్కుంటూ పోయి ఇద్దరినీ చంపేస్తాడు. ఆమె గుర్రాన్ని వెంట నడిపించుకుంటూ ఊళ్లు పట్టి తిరుగుతాడు. దారిలో ఇంకో ఆవిడ ఆ గుర్రం మీద చెయ్యి వేస్తే ఆమెనూ కాల్చేస్తాడు. గుర్రం కాజేయబోయింది కదా అని అతనికి శిక్ష కూడా పడదు. ఈ కథ ఇంట్లో చెబితే మా అమ్మాయి మండిపడింది. 'ఆడవాళ్లను చంపినోడి మీద జాలిపడాలా నాన్నా?' అంది. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. కాకపోతే పాడేవాడు అతన్ని ఎక్కడా వెనకేసుకు రాడు. జరిగింది జరిగినట్టు చెప్పి ఊరుకుంటాడు.

హత్య జరిగిన కాసేపటికే 'బ్లూ ఐస్ క్రయింగ్ ఇన్ ది రెయిన్' అనే పాట వస్తుంది. అందులో హత్య ఊసే లేదు. వానలో ఒక వీడ్కోలు, మళ్లీ కలిస్తే పైలోకంలోనే అన్న ఆశ, అంతే. గిటారు మీద వేలు కదిలిన చప్పుడు కూడా వినపడుతుంది. మాటకీ మాటకీ మధ్య ఖాళీని ఖాళీగానే వదిలేశారు. ఆ ఖాళీలో మనం ఆ మనిషి మొహం చూస్తాం. ఆ రోజు లైబ్రరీ దగ్గర కారు ఆగినా పాట అయ్యేదాకా నేను దిగలేదు.

ఆ రోజుల్లో కంట్రీ పాటలకు పెద్ద కేంద్రమైన నాష్‌విల్ ఊళ్లో తీసే పాటంటే వెనక వయొలిన్లు, కోరస్ గొంతులు తప్పనిసరి. ఈ టేపు విన్న కొలంబియా రికార్డుల కంపెనీ పెద్దలు ఇదేదో డెమో, అంటే అసలు రికార్డింగుకు ముందు తీసే నమూనా అనుకున్నారు. అయినా అలాగే విడుదల చేయక తప్పలేదు. పాట ఎలా ఉండాలో తేల్చే హక్కు నెల్సన్‌దే అని ఒప్పందంలో రాసి ఉంది మరి. 1940ల్లో ఫ్రెడ్ రోజ్ రాసిన ఆ 'బ్లూ ఐస్' పాత పాటే కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది. అప్పటిదాకా ఇతరులకు హిట్లు రాసిచ్చిన నెల్సన్‌కు గాయకుడిగా అదే మొదటి నంబర్ వన్, 42 ఏళ్ల వయసులో. తర్వాత అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు భద్రపరచాల్సిన రికార్డింగుల 2009 జాబితాలో ఆ ఆల్బమ్‌ను చేర్చారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. నిరుడు ఒక ఉత్సవంలో మన తెలంగాణ జానపద కళ ఒగ్గుకథ చెప్పే బృందాన్ని పిలిచి పది నిమిషాల టైమిచ్చారు. తెల్లవార్లూ చెప్పే మల్లన్న కథకి పది నిమిషాలు! పక్కన కీబోర్డు పెట్టారు, మైకులో ఎకో పెట్టారు. డోలు దెబ్బ ఒకటి కొడితే మూడు వినపడ్డాయి. తర్వాత వచ్చిన వీడియోలో కథకుడి వెనక 'ఆఁ... గట్లనా' అని ఊకొట్టే మనిషి గొంతు అసలు లేదు. అడిగితే, అది డిస్టర్బెన్స్ అనుకుని తీసేశామన్నారు. ఊకొట్టేవాడు లేకపోతే కథ ఎవరికి చెబుతున్నట్టు? మా చిన్నప్పుడు ఒగ్గు కథకుడు భుజం మీది కండువా తీసి నెత్తిన కప్పుకుంటే చాలు, రాజు రాణి అయిపోయేవాడు. దానికి ఏ ఎఫెక్టూ అక్కర్లేకపోయింది. మా ప్రాంతానికి పేరు తెచ్చిన ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య గారు 2017లో పోయారు. ఆయన తరంలో మిగిలినవాళ్ల గొంతులైనా ఉన్నవి ఉన్నట్టు దక్కాలి కదా.

అందుకని నా మనవి. ప్రభుత్వ సొమ్ముతో చేసే రికార్డింగులైనా గుడి ముందో, చావడి దగ్గరో, వినేవాళ్లను కూర్చోబెట్టి కథ మొత్తం తీయాలి. ఏది కోయాలి, ఏది కలపాలి అన్నది కథకుడి మాటే చెల్లుతుందని ఒప్పంద పత్రంలో ఒక వాక్యం ఉండాలి. నెల్సన్‌ను కాపాడింది కూడా అలాంటి వాక్యమే.

ఈ ఉత్తరం రాసేముందు మా ఊరి బృందంలో పెద్దాయనకు ఈ ఒప్పందం సంగతి చెప్పాను. ఆయన తలూపి, 'కాగితం ముచ్చట తర్వాత సారూ, ముందుగాల ఆ పది నిమిషాల లెక్క తీసెయ్యమని రాయుండ్రి' అన్నాడు. రాస్తున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు,
జనగామ