ఐఎన్ఆర్ చూసి ధీమా పడొద్దు: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మా నాన్నకు లివర్ సిరోసిస్. రెండేళ్ల కిందట పొట్టలో నీరు చేరి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎడమ కాలు వాచింది. కాళ్లు వాయడం ఆయనకు కొత్తేం కాదు. కానీ ఎప్పుడు వాచినా రెండూ ఒకేలా వాచేవి, ఈసారి ఒక్కటే. పైజామా కుడి కాలికి వదులుగా వేలాడుతోంది, ఎడమ పిక్క దగ్గర బిగుసుకుపోయింది. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు గారికి చూపిస్తే "లివర్ వాపేనమ్మా" అన్నారు. రక్తం గడ్డ కట్టిందేమోనని అడిగాను. ఐఎన్ఆర్ అంటే రక్తం గడ్డ కట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే పరీక్ష, అంకె పెరిగితే గడ్డ ఆలస్యమని అర్థం. కేస్ షీట్‌లో అది 2.1 అని రాసి ఉన్న చోట వేలు పెట్టి, "రక్తం ఇంత పల్చగా ఉంటే గడ్డెలా కడుతుంది?" అన్నారు.

మూడో రోజు నైట్ డ్యూటీకి వచ్చిన జూనియర్ డాక్టరమ్మ ఎక్కడి నుంచో టేపు తెచ్చి రెండు పిక్కలూ కొలిచింది. నాలుగు సెంటీమీటర్ల తేడా. డాప్లర్ (రక్తనాళాల్లో ప్రవాహం చూసే స్కాన్) తీస్తే తొడ దాకా గడ్డ. అది ఊపిరితిత్తులకు చేరకముందే దొరకడం మా అదృష్టం.

ఆ 2.1 గురించే మీకు ఈ ఉత్తరం.

రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్లు చాలావరకు కాలేయంలోనే తయారవుతాయి. కాలేయం పాడైతే అవి తగ్గి ఐఎన్ఆర్ పెరుగుతుంది. ఇంతవరకూ నిజమే. అయితే గడ్డ కట్టకుండా ఆపే ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్, యాంటీథ్రాంబిన్‌లను చేసేదీ ఆ కాలేయమే. అవీ తగ్గిపోతాయి, ఆ తగ్గుదల ఐఎన్ఆర్‌లో కనబడదు. ఖర్చు కాలమ్ మాత్రమే చూసి ఇంటి లెక్క తేల్చేసినట్టుంది ఈ వ్యవహారం. అసలు ఐఎన్ఆర్ అనేది రక్తం పల్చబరిచే వార్ఫరిన్ మందు వాడేవాళ్లకు మోతాదు సరిచూడటానికి పుట్టిన కొలత. పైగా సిరోసిస్‌లో గడ్డ కట్టడానికి తోడ్పడే ఫ్యాక్టర్ 8, వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్లు పెరుగుతాయి. కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ప్రవాహం మందగిస్తుంది, అక్కడా గడ్డలు కడతాయి. ఇలాంటి మనిషికి రక్తస్రావమూ కావచ్చు, గడ్డా కట్టొచ్చు. ఒకటి ఉందని రెండోది రాదనుకోవడమే పొరపాటు.

ఇటలీలో చేసి 2012లో వెలువరించిన ఒక అధ్యయనంలో సిరోసిస్ ముదిరిన 70 మందిని తీసుకున్నారు. ఏడాది పాటు రోజూ గడ్డ కట్టకుండా ఆపే ఎనాక్సాపరిన్ ఇంజెక్షన్ తీసుకున్న 34 మందిలో ఒక్కరికీ పోర్టల్ సిరలో గడ్డ కట్టలేదు. తీసుకోని 36 మందిలో ఆరుగురికి కట్టింది. ఇంజెక్షన్ వల్ల రక్తస్రావాలూ పెరగలేదు. చిన్న అధ్యయనమేలెండి, దీన్ని పట్టుకుని అందరికీ సూదులు పొడవమనడం లేదు. అన్నవాహికలో సిరలు ఉబ్బి, పగిలి రక్తం కారేలా ఉన్నాయేమో ఎండోస్కోపీలో చూసుకోవాలి, ప్లేట్‌లెట్లు మరీ తక్కువైతే ఆలోచించాలి. మా నాన్నకూ ముందు ఆ సిరలకు బ్యాండ్లు వేశాకే మందు మొదలుపెట్టారు. ఆ నిర్ణయాలు డాక్టర్లవి. కానీ ఐఎన్ఆర్ పేరు చెప్పి అసలు ఆ ఆలోచనే చేయకపోతే ఎలా?

కాలేయ రోగి అడ్మిట్ కాగానే గడ్డ ముప్పు ఎంతో అంచనా వేసి కేస్ షీట్‌లో రాయడం తప్పనిసరి చేయండి. "ఐఎన్ఆర్ ఎక్కువ, అవసరం లేదు" అని కొట్టేసే వీలు ఉండకూడదు. లివర్ క్యాన్సర్ కోసం సిరోసిస్ రోగులకు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తీయాలనేది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. డాప్లర్ ఉన్న మెషీన్ అయితే అదే సిట్టింగ్‌లో పోర్టల్ సిరనూ చూడొచ్చు, కొన్ని నిమిషాల పని. ఐఎన్ఆర్ అంకె దించడానికి మాత్రమే ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) సంచులు ఎక్కించే అలవాటునూ ఒకసారి సమీక్షించండి. ఆ అదనపు ద్రవంతో పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి, ఆపాలనుకున్న రక్తస్రావమే ఎక్కువయ్యే ప్రమాదం ఉంది.

డిశ్చార్జ్ కాగితం మీద పెద్ద అక్షరాలతో రెండు లైన్లు కూడా వేయించండి: ఒక్క కాలే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే రండి అని. మాకు ఎవరూ చెప్పలేదు. పైజామా బిగుసుకోబట్టి తెలిసింది.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
ఒక సిరోసిస్ పేషెంట్ కూతురు