పుష్కరాల లోపు అంబులెన్సుల లెక్క సరిచూడాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. 2027 గోదావరి పుష్కరాల ఏర్పాట్లలో ఘాట్లు, రోడ్ల గురించి జరుగుతున్నంత చర్చ అత్యవసర వైద్యం గురించి జరగడం లేదు. పెద్ద జనసందోహం ఉన్న ప్రతిచోటా 'ఇన్ని అంబులెన్సులు సిద్ధం' అని ఒక ముక్క ప్రకటించి ఊరుకోవడం మనకు ఆనవాయితీ. బండ్ల లెక్క వేరు, ఒకేసారి ముప్ఫై నలభై మంది గాయపడితే ఆదుకునే ఏర్పాటు వేరు. ఈ రెండోది మన కోనసీమ డెల్టాలో ఎంతవరకు ఉందన్నదే నా ప్రశ్న.

రెండేళ్ల కిందట నాట్ల రోజుల్లో మా ఊరి కాలువ గట్టు మీద కూలీల ఆటో బోల్తా పడింది. అందులో పదకొండు మంది ఆడవాళ్లున్నారు. ఫోన్ చేసిన ఇరవై నిమిషాలకే అంబులెన్స్ వచ్చింది. మా గట్టు దారికి అది త్వరగా వచ్చినట్టే లెక్క. వచ్చింది డ్రైవరు, ఒక టెక్నీషియను. బండిలో ఉన్నది ఒకే స్ట్రెచర్. పెద్దగా అరుస్తున్న ఇద్దరిని ఎక్కించుకుని అది వెళ్లిపోయింది. మిగిలినవాళ్లను, కొబ్బరికాయల లోడు దింపించి, ట్రాలీ ఆటోలో తరలించాం. ఒకావిడ మాత్రం చెట్టుకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కిమ్మనకుండా కూర్చుంది. పైకి దెబ్బేమీ కనబడక ఆమెను అందరికంటే చివర ఎక్కించాం. కడుపులో రక్తస్రావం అవుతోందని ఆస్పత్రికి వెళ్లాక తేలింది. అదృష్టం కొద్దీ బతికింది.

ఇందులో ఆ ఇద్దరు ఉద్యోగుల తప్పు లేదు. రోజూ వాళ్లు చేసే పని ఒక రోగిని ఎక్కించుకుని వీలైనంత త్వరగా ఆస్పత్రికి చేర్చడం. క్షతగాత్రులు ఎక్కువమంది ఉన్న చోట పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. మొదట వచ్చిన బండి అక్కడే ఆగాలి. ఎంతమంది ఉన్నారు, ఎన్ని బండ్లు కావాలి, ఏ దారి తెరిచి ఉంది అన్నది కంట్రోల్ రూముకు చెప్పాలి. ఊపిరి, నాడి, చెప్పిన మాట అర్థమవుతోందా అన్న మూడింటినీ ఒక్కొక్కరి దగ్గర నిమిషం లోపే చూసి, ఎవరిని ముందు తరలించాలో తెలిసేలా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు చీటీలు కట్టాలి. అలా చూసి ఉంటే చెట్టు కింద కూర్చున్నావిడ చివరిదాకా మిగిలిపోయేది కాదేమో. అయితే మొదటి బండిని ఆపాలంటే వెనకాల రెండోది, మూడోది వస్తున్నాయన్న భరోసా ఉండాలి. అసలు లోటు అక్కడే ఉంది.

జాతీయ ఆరోగ్య మిషన్ ప్రమాణం ప్రకారం లక్ష జనాభాకు ఒక సాధారణ అంబులెన్సు, ఐదు లక్షలకు ఒక అధునాతన అంబులెన్సు ఉండాలి. 2022లో ఏర్పడినప్పటి హద్దుల్లో, 2011 లెక్కల ప్రకారం సుమారు 17 లక్షల జనాభా ఉన్న కోనసీమ జిల్లాకు ఆ కొలతతో వచ్చేవి పదిహేడు సాధారణ బండ్లు, మూడో నాలుగో అధునాతనమైనవి. అది మామూలు రోజు కొలత. ప్రసవాలు, గుండెపోట్లు, రోడ్డు ప్రమాదాలు వాటికే ఉంటాయి. ప్రమాదం జరిగిందని వాటిలో సగాన్ని ఒక్కచోటికి తోలేస్తే మిగతా మండలాల గతేమిటి?

ఇవి ఊహించి చెబుతున్న భయాలు కావు. 2014 జూన్ 27న తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా కాలి చనిపోయారు. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజునే, రాజమహేంద్రవరం ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు పోయాయి. గ్యాస్ పైపులు ఇంకా మన కొబ్బరితోటల కిందే ఉన్నాయి. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి, అంతర్వేది రథోత్సవానికి, శనివారాల్లో వాడపల్లికి వచ్చే జనం తగ్గేదేమీ లేదు. పైగా కాలిన గాయాలవాళ్లను నగరం గ్రామం నుంచి కాకినాడ ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాలంటే అరవై కిలోమీటర్లకు పైనే. వరదల్లో కనకాయలంక కాజ్‌వే మునిగితే అక్కడివాళ్లకు పడవే అంబులెన్సు. ఆ పడవలో ఆక్సిజన్, స్ట్రెచర్ ఎవరు పెడతారో ముందే తేల్చుకోవాలి.

కొత్త బండ్లు కొనడం ఒక్కటే దీనికి మందు కాదు. అమలాపురం, రాజోలు, రామచంద్రపురంలో ఒక్కోచోట యాభై మందికి సరిపడా మడత స్ట్రెచర్లు, రక్తం ఆపే పట్టీలు, సెలైన్, కాలిన గాయాల కట్లు, రంగు చీటీలు ఒక వ్యానులో సర్ది ఉంచితే అయ్యే ఖర్చు రెండు అంబులెన్సుల ధర కూడా ఉండకపోవచ్చు. సెలవులో ఉన్న సిబ్బందిని పిలిపించుకునే ఏర్పాటు, ఆ పిలుపుకు అదనపు వేతనం కావాలి. ఏ ఆస్పత్రి ఎంతమందిని తీసుకోగలదో ప్రైవేటువాటితో సహా ముందే రాసిపెట్టుకోవాలి. లేకపోతే అందరూ దగ్గరున్న ఒక్క ఆస్పత్రి వాకిట్లోనే పోగవుతారు.

ప్రమాదకర రసాయనాలపై 1989లో వచ్చిన నిబంధనలు, పరిశ్రమ ఆవరణ బయటి ప్రమాదాలకు తయారుచేసిన ప్రణాళికను ఏడాదికి ఒక్కసారైనా అభ్యాసం చేసి చూడాలంటున్నాయి. నేను చూసిన ఒక మాక్ డ్రిల్‌లో 'గాయపడినవాడు' ఒక్కడే. అతనికోసం మూడు బండ్లు ముందుగానే వచ్చి సైరన్లు వేసుకుని నిలబడ్డాయి. ఫొటోలయ్యాక అందరూ టీ తాగి వెళ్లిపోయారు. నలభై మందిని పడుకోబెట్టి, చెప్పాపెట్టకుండా, రాత్రిపూట పెడితే గదా ఎన్ని బండ్లు ఎంతసేపటికి వస్తాయో బయటపడేది.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే అధ్యక్షులు. పుష్కర పనుల అంచనాల్లో నిల్వ సామగ్రికి, అదనపు సిబ్బందికి, ఇలాంటి అభ్యాసానికి విడిగా ఒక పద్దు ఉందా, ఉంటే ఎంత, లేకపోతే ఎప్పటిలోగా చేరుస్తారు అన్నది అధికారులు మీ పత్రిక ద్వారా తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పి.గన్నవరం మండలం, డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ కోనసీమ జిల్లా