90.4 మీద పాటల దొంగ

నల్లగండ్ల, హైదరాబాద్
ఆదివారం రాత్రి

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, క్షమించరా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చిన్నదాని బడి మొదలైంది, నా ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది. మిగతావన్నీ తరువాత. పదకొండు రోజులుగా మా ఇంటి రేడియోలో దూరుతున్న దొంగను నిన్న పట్టుకున్నాను!

అమ్మ పొద్దున వంట చేస్తూ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్ల 'బోల్ హైదరాబాద్' పెట్టుకుంటుందని నీకు తెలుసు. ఎఫ్ఎం 90.4 మెగాహెర్ట్జ్. పెద్ద స్టేషన్లు ఆవిడకు గిట్టవు, అందులో పిల్లల గొంతులు పక్కింటి నుంచి వచ్చినట్టు ఉంటాయంటుంది. మనకు ఆ స్టేషను వినిపించడమే గగనం. ఇలాంటి సామాజిక రేడియోకు మన దేశంలో సాధారణంగా 100 వాట్ల ప్రసార శక్తే హద్దు, పైగా ఇప్పుడు మాకూ దానికీ మధ్య ఆకాశాన్నంటే మేడలు లేచాయి. మూడు మీటర్ల పైచిలుకు పొడవున్న ఆ అల అంత కాంక్రీటును చుట్టి రావాలంటే ఎంత నీరసిస్తుందో ఆలోచించు. అందుకే రేడియోను వంటింటి కిటికీలో, పచ్చళ్ల జాడీ పక్కన, ఏరియల్ ఏటవాలుగా పెట్టాను. ఆ మూల దాటితే గరగరే.

అలాంటిది, ఏడుంపావు కాగానే మాట మధ్యలో తెగి బోనాల పాటలు! సన్నగా కాదురా, డప్పులతో సహా, గదంతా నిండిపోయేలా. ముప్పావుగంట తరువాత మళ్లీ పిల్లల మాటలు. అమ్మ మొదటి రోజు సంతోషించింది, ఆషాఢం కదా. నాలుగో రోజుకు ముఖం ముడుచుకుంది.

మొదట కొత్త ఎల్‌ఈడీ బల్బుల మీద అనుమానపడ్డాను. కానీ బల్బు గుర్రుమంటుంది, పాట పాడదు. లిఫ్టు మోటారూ అంతే. పెద్ద స్టేషను పక్కకు పొంగిందేమో అనుకుంటే పాటల మధ్య ప్రకటన ఒక్కటీ లేదు. రెండూ కలిసి వినిపించకుండా ఒకటి ఇంకోదాన్ని పూర్తిగా మింగేయడం చూశాక మాత్రం నాకు దారి దొరికింది. చిన్నప్పుడు మీడియం వేవ్‌లో రాత్రిళ్లు రెండు ఊళ్ల స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడి ఈల వేసేవి, గుర్తుందా? ఎఫ్ఎం‌లో ఆ పంపకం లేదు. ఒకే సంఖ్య మీద రెండు వస్తే, కాస్త గట్టిదే రాజ్యం, రెండోది ఉన్నట్టే తెలియదు. అంటే మా ఇంటికి అతి దగ్గరలో ఏదో ఉంది. పెద్దది కానక్కర్లేదు, దగ్గరగా ఉంటే చాలు.

నిన్న చేతి రేడియో తీసుకుని కిందికి దిగాను. ఏరియల్ పూర్తిగా మూసేశాను, బాగా దగ్గరిదే వినబడాలని. రేడియోను గుండెకు ఆనించుకుని నెమ్మదిగా చుట్టూ తిరిగాను. నా ఒళ్లు అడ్డం పడి పాట సన్నబడిందంటే అది నా వీపు వైపు ఉన్నట్టు. అలా తిరుగుతూ, ఆగుతూ గేటు దాకా వెళ్లాను. అక్కడ పసుపు రంగు బడి వ్యాను!

సిగరెట్ లైటరు గూట్లో బొటనవేలంత ఎఫ్ఎం ట్రాన్స్‌మిటరు. ఫోనులోని పాటను వ్యాను రేడియోకు అందించే వస్తువు. దాని మీద ఎర్రగా 90.4. రవీ, నాకు వెంటనే హాస్టల్లో మనం చేసిన బుల్లి స్టేషను, మన గోంగూర వాణి గుర్తొచ్చింది. ఒక్క ట్రాన్సిస్టరు, 9 వోల్టుల బ్యాటరీ, పెన్ను మీద చుట్టిన తీగ. వార్డెన్ గారి రేడియోలో నీ గొంతు పలికిన రోజు! (ఉప్పు తక్కువైందని నువ్వు చెప్పిన ఆ వార్త తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వాగదు.)

డ్రైవరు పెద్దాయన. "పాట లేకపోతే పిల్లలు కొట్టుకుంటారు సార్. ఆ నంబరు మీద మా ఇంటి దగ్గర ఏమీ రాదు, ఖాళీ అనుకున్నాను" అన్నాడు. ఆయన ఉండేది పటాన్‌చెరులో. ఆయన తప్పేముంది? అక్కడ నిజంగా ఖాళీయే! ఒకచోట ఖాళీగా ఉన్నది ఇంకోచోట ఎవరిదో ఇల్లు. జహీరాబాద్ దగ్గరి మాచునూరులో దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్న సంఘం రేడియోదీ 90.4యే. రెండూ చిన్న గొంతులు, మధ్య అంత దూరం ఉంది కాబట్టి ఒకే సంఖ్యలో కాపురం చేస్తున్నాయి. ఆ సంగతి చెబితే పెద్దాయన చాలాసేపు ఆ ఎర్ర అంకెల వైపే చూశాడు. తరువాత ఇద్దరం వ్యానులో కూర్చుని 88కి దిగువన గరగర తప్ప ఏమీ లేని చోటు వెతికాం. రాత్రి ఇంటి దగ్గర కూడా విని చూస్తానన్నాడు. ఇందాకే ఫోను చేశాడు, అక్కడా ఖాళీయేనట. అమ్మ ఆయనకు మాగాయ సీసా కట్టి ఉంచింది.

నీ ట్రాన్స్‌లేటర్ల ఉత్తరం ఇప్పుడు మళ్లీ చదివాను. ఎక్కడో ఉన్న స్టేషను మాటను వేరే సంఖ్య మీద తిరిగి చెప్పే ఆ పెట్టెకు మీ అమెరికాలో 250 వాట్ల దాకా ఇస్తారు, ఊరివాళ్లు సొంతంగా మాట్లాడుకునే చిన్న స్టేషనుకు 100. అప్పుడు చదివి ఊరుకున్నాను, ఇప్పుడు కడుపు రగులుతోంది. ఆ పెట్టెలే నిండిపోయి సొంత గొంతున్న వాళ్లకు చోటు మిగలకపోతే మరి... మీ ఊళ్లో చిన్న స్టేషను కోసం ఆ బడివాళ్లు పెట్టిన దరఖాస్తు ఏమైంది? వాళ్లకు సంఖ్య దొరికిందా? అది రాయకుండా ఇంకేమీ రాయకు. ఇంకా చాలా చెప్పాలి, పటాన్‌చెరు పెద్దాయన చెప్పిన ఒక...

కరెంటు పోయింది, చీకట్లో రాయలేను. ఉంటాను.

నీ
శీను