బడి వెనక జాగా: మొక్కల కంటే ముందు కలుపు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

బడి వెనక ఖాళీ జాగాలో తోట వేస్తామని చెప్పినప్పటి నుంచి అందరూ అడుగుతున్నది ఒకటే: "మొక్కలు ఎప్పుడు నాటుతారు?" ఇప్పుడే కాదండీ. ముందు కలుపు సంగతి తేల్చాలి. అందుకు కొన్ని నెలలు పడుతుంది. ఆ ఆలస్యం ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

ట్రాక్టర్ పంపిస్తాం, ఒక్క పూటలో దున్నించేద్దాం అని కొందరు పెద్దమనసుతో ముందుకొచ్చారు. వాళ్లకు కృతజ్ఞతలు. అయినా వద్దనుకున్నాం. మన జాగాను ఎక్కువగా ఆక్రమించినవి గరిక, తుంగ. గరికను ముక్కలు చేస్తే కణుపున్న ప్రతి ముక్కా వేరు తొడుగుతుంది. దున్నిన రోజు నేల శుభ్రంగానే కనిపిస్తుంది. ఒక వాన పడితే చాలు, మనమే నారు పోసి పెంచినట్టు లేస్తుంది.

తుంగ అంతకంటే మొండిది. దాన్ని పిల్లలు కళ్లారా చూడాలని ఏడో తరగతి వాళ్ల చేత ఒకే ఒక్క మొక్క చుట్టూ మట్టి తీయించాం. పైన ఉన్నది మూడు పలకల కాడ, కాసిని ఆకులు, అంతే. కింద సన్నని దారంలాంటిది పట్టుకుని పోతే పీచు చుట్టుకున్న నల్లటి గడ్డ తగిలింది. అక్కడి నుంచి మరో దారం, దాని చివర మరో గడ్డ. కోసి చూస్తే లోపల తెల్లగా ఉంది, ఘాటు వాసన. పైన పట్టి లాగితే కాడ చేతికొస్తుంది, గడ్డ మాత్రం నేలలోనే ఉండి మళ్లీ మొలకెత్తుతుంది. "అయితే ఇన్నాళ్లూ మనం దాని జుట్టు పీకుతున్నామన్నమాట" అన్నాడొక పిల్లవాడు. నేను ఇంత రాసి చెప్పింది వాడు ఒక్క మాటలో తేల్చేశాడు.

ఇక విత్తనాల సంగతి. విలియం బీల్ అనే అమెరికా వృక్షశాస్త్రవేత్త 1879లో 20 సీసాల్లో ఇసుకతో పాటు కలుపు విత్తనాలు వేసి మిషిగన్‌లో పాతిపెట్టాడు. ఎన్నేళ్లు బతుకుతాయో చూడాలని ఆయన ఉద్దేశం. ఆయన తర్వాతి వాళ్లు ఇప్పటికీ గడువు ప్రకారం ఒక్కో సీసా తీస్తూనే ఉన్నారు. 2021లో తీసిన సీసాలోవి కొన్ని మొలకెత్తాయి, 142 ఏళ్ల తర్వాత! అన్ని విత్తనాలూ అంత గట్టివి కావు. కానీ లోతున నిద్రపోతున్న వాటిని మట్టి తిరగేసి వెలుతురులోకి తెస్తే లేచి కూర్చునేవి చాలానే ఉంటాయి. ట్రాక్టర్ వద్దనడానికి ఇది రెండో కారణం.

అందుకే ఈసారికి జాగాలో నాలుగో వంతు మాత్రమే పట్టుకుంటున్నాం. మిగతా చోట గడ్డి పూతకు రాకుండా కోయిస్తూ ఉంటాం. చూడటానికి వికారంగా ఉంటుంది, ఓర్చుకోండి. మొత్తం జాగా ఒకేసారి మొదలుపెట్టి సగంలో చేతులెత్తేయడం కంటే ఇదే మేలని నా అభిప్రాయం.

తుంగ ఉన్న చోట మట్టి గుల్లచేసి గడ్డలు ఏరడం తప్ప దగ్గరి దారి లేదు. అట్టలు పరిచినా చీల్చుకుని పైకి వస్తుంది. తుంగ లేని చోట గడ్డిని నేలమట్టంగా కోసి, తడిపి, అట్టలు ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వచ్చేలా పరిచి, పైన ఎండుటాకులు మందంగా వేస్తాం. ఎండలు ముదిరాక ఒక మడిని తడిపి పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కప్పి నాలుగైదు వారాలు ఉంచుతాం. పైపొరలోని విత్తనాలు చాలావరకు ఆ వేడికి చస్తాయి. రోజూ ఉష్ణోగ్రత రాసే పని తొమ్మిదో తరగతి వాళ్లది.

గడ్డిమందు కొట్టించరాదా అని కూడా అడిగారు. పొలంలో రైతు లెక్క వేరు, దాని మీద నేను వ్యాఖ్యానించను. గ్లైఫోసేట్ అనే గడ్డిమందును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో 'బహుశా క్యాన్సర్ కారకం' అనే వర్గంలో చేర్చింది. దాని మీద వాదాలు ఇంకా నడుస్తున్నాయి. అవి తేలేదాకా పిల్లలు చేతులతో మట్టి పిసికే చోట దాన్ని వాడనివ్వను.

గోడ వారగా వయ్యారిభామ ఉంది. పిల్లలెవరూ దాని జోలికి వెళ్లకూడదు. తగిలితే కొందరికి దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే ఆయాసం వస్తాయి. ఒక్క మొక్కే వేల విత్తనాలు రాలుస్తుంది కాబట్టి పూత రాకముందే పెద్దవాళ్లం చేతి తొడుగులు వేసుకుని పీకేస్తాం. మీ పిల్లలకు ఉబ్బసం, చర్మపు ఎలర్జీ ఉంటే తరగతి టీచరుకు ముందే రాసి పంపండి. వాళ్లకు విత్తనాల లేబుళ్లు రాసే పని ఇస్తాం.

పొదల్లో పాములు, తేళ్లు ఉండొచ్చు కాబట్టి పెద్దవాళ్లు కొడవళ్లతో కోసి చదును చేశాకే పిల్లలు లోపలికి వస్తారు. ఆ రోజున నిండు చేతుల చొక్కా, బూట్లు వేసి పంపండి.

ఇంట్లో పార, తొలిక అదనంగా ఉంటే కొన్నాళ్లు ఇవ్వగలరేమో చూడండి, పిడి మీద పేరు రాసి పంపితే తిరిగి చేరుస్తాం. పాత అట్టపెట్టెలు ఎన్ని ఇచ్చినా తీసుకుంటాం. టేపులు, పిన్నులు తీసేసి, మడతపెట్టి ఆఫీసు వరండాలో పెట్టండి. రంగుల మెరుపు పూత ఉన్నవి మాత్రం వద్దు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు